పీర్లు కడిగిన చెరువు

మా అన్న ఫోన్ చేశాడంటే ఏదో అవసరం పడిందన్నమాట. ఊరికే పలకరించడం ఆయనకు చేతకాదు. "బాగున్నవా" అని ఒక ముక్క అడిగి, నేను జవాబు చెప్పేలోపే అసలు సంగతిలోకి దిగుతాడు. ఈసారి ఆ "బాగున్నవా" కూడా లేదు.

"చెల్లె, పీరు నల్లవడ్డది" అన్నాడు.

"నల్లవడుడేందన్నా?"

"పోయినేడు కడిగి పెట్టెల పెట్టిన గదా. నిన్న తీసి సూస్తె మసిబొగ్గు లెక్కున్నది. చింతపండు వెట్టి తోమిన, ముగ్గువెట్టి తోమిన. చేతి ఏళ్ల సందులల్ల పట్టుకున్నది, పోతలేదు." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "గదంత చెరువు నీళ్ల పనే. ఈసారి యాడ కడుగుదునే?"

నేను హనుమకొండలో బిడ్డ దగ్గర ఉంటున్నాను. మోకాళ్లు నొస్తున్నాయని, ఎండ అని, వాన అని ఈ మధ్య పుట్టింటి దిక్కు పోవడం తగ్గించాను. ఏదో ఒకటి చూద్దాంలే అని చెప్పి ఫోన్ పెట్టేశాను గాని, ఏం చూస్తానో నాకే తెలియదు.

పీర్ల పండుగ ఎరగనివాళ్లకు ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు. మొహర్రం నెలలో మా బస్తీలో పీర్లను నిలబెడతారు. పొడుగాటి కర్ర, దాని కొసన చేతి ఆకారంలో వెండి రేకు, కింద మొక్కుకున్నవాళ్లు కట్టిన రంగురంగుల గుడ్డ దట్టీలు. ఆ పది రోజులూ వాటి ముందు నిప్పుల గుండం, ఊదు పొగ, డప్పులు, జనం. ఆఖరి రోజు సాయంత్రం పీర్లను ఎత్తుకొని చెరువుకు పోతారు. చేతులను కర్ర నుంచి విప్పి, నీళ్లలో కడిగి, తెల్లగుడ్డలో చుట్టి, తెచ్చి పెట్టెలో పెడతారు. దాన్ని పీర్లను చల్లజేయడం అంటాం. అన్ని రోజులు నిప్పు ముందు నిలబడి వేడెక్కిన పీర్లు చల్లబడకుండా పెట్టెలోకి పోతే, ఆ వేడి బస్తీ మీద పడుతుందని నమ్మకం. కడిగే పని మా ఇంటిది. తాత చేశాడు, బాపు చేశాడు, ఇప్పుడు అన్న చేస్తున్నాడు.

మేం ముసల్మాన్లమే గాని మా ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం. బాపు తల్లిని దాదీ అని పిలవడం, నమాజులో చదివే మాటలు, అలవాటైన కొన్ని తిట్లు, ఇవి తప్ప తక్కినదంతా తెలుగే. బాపు దూదేకేవాడు. చలికాలం మొత్తం ఇంట్లో ఆ వింటినారి మోత వినిపిస్తూనే ఉండేది. అన్నంలో దూది, చాయలో దూది, దాదీ కనుబొమ్మల మీద దూది. నా చిన్నప్పుడు మా అమ్మ ఎప్పుడూ దగ్గుతుండేది. అది ఆమె గొంతు తీరేమో అనుకునేదాన్ని.

ఇల్లు చెరువుకట్టకు ఆనుకొని దిగువన ఉండేది. వాకిట్లో నిలబడితే చెరువు కనిపించదు, కట్ట మాత్రమే కనిపిస్తుంది. కానీ చెరువు ఎంతవరకు నిండిందో వాసనను బట్టి చెప్పగలిగేవాళ్లం. కొత్త నీళ్లు వస్తే బురద వాసన, చలికాలం తుంగ వాసన, ఎండలు ముదిరితే కట్ట మీద ఆరబోసిన పరకపిల్ల చేపల వాసన. ఆ పరకపిల్లలను చింతచిగురు వేసి అమ్మ వండితే, ఆ పూట ఇంటికి చుట్టాలు రాకుండా ఉంటే బాగుండునని పిల్లలమంతా మొక్కుకునేవాళ్లం. ఎందుకో ఆ పూటే వచ్చేవాళ్లు.

బతుకమ్మలను చెరువులో వదిలే సాయంత్రం కూడా మేం కట్ట మీదే ఉండేవాళ్లం. ఆడవాళ్లు బతుకమ్మలను నీళ్లలోకి సాగనంపి, గట్టున కూర్చొని సత్తుపిండి, మలీద పంచుకునేవాళ్లు. మాకు ఆ పూజతో పని లేదు, మలీదతోనే పని. చేతులు చాపి వరసలో కూర్చుంటే పక్కింటి పెద్దమ్మ ముందు మాకే పెట్టేది. "మీ పీర్లు చెరువుకచ్చిననాడు నాకు షర్బతు వోస్తరు గదా, గియ్యాల్ల మీరు తినున్రి" అనేది. ఆమె లెక్క అంత సాఫీగా ఉండేది.

మా అన్న అప్పుడు బస్తీలోకెల్లా అల్లరివాడు. తాటిమట్ట మీద నన్ను కూర్చోబెట్టి కట్ట మీది నుంచి కిందికి తోసేవాడు. లంగా చిరిగితే దెబ్బలు నాకు పడేవి. పీర్ల మెడలో వేసిన ఎండుకొబ్బరి కుడుకల దండల్లోంచి కుడుకలు కూడా దొంగిలించేవాడు. ఎవరికీ అనుమానం రాకుండా దండ వెనకవైపు నుంచి తెంపేవాడు. ఒకసారి దాదీ చూసింది. కొట్టలేదు. "తిను బిడ్డా, తిను. పీరు సూస్తనే ఉన్నడు" అంది, అంతే. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. ఆ కుడుకల దొంగే పెద్దయ్యాక మా బస్తీ పీర్లను చూసుకునే ముజావరయ్యాడు. ఇప్పటికీ దండలు వేసేటప్పుడు ఆయన మొహంలోకి చూస్తే నాకు నవ్వొస్తుంది.

మొహర్రం ఒకచోట నిలబడే పండుగ కాదు. చంద్రుడి లెక్క కాబట్టి ఏటా కొంచెం ముందుకు జరుగుతూ, కొన్నేళ్లలో అన్ని కాలాలూ తిరిగి వస్తుంది. కొన్నేళ్లు వానల్లో, కొన్నేళ్లు చలిలో, కొన్నేళ్లు మండుటెండల్లో. దాదీకి అదంతా దేవుడు కావాలని పెట్టిన ఏర్పాటులా తోచేది. "ఒక్క కాలమే వస్తె చెరువు ఒక్క తీరే కనవడ్తది. పీర్లు చెరువును అన్ని తీర్ల సూడాలె గదా" అనేది. చెరువును చూడడానికే పీర్లు వస్తున్నట్టుగా మాట్లాడేది.

అట్లా పండుగ నడివేసవిలో పడ్డ ఒక ఏడాది చెరువు పూర్తిగా ఎండిపోయింది. కట్ట ఎక్కి చూస్తే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నెర్రెలు బారిన నేల. అందులో అడుగుపెడితే అరికాళ్లు కాలేవి. మిగిలిన మడుగుల్లో చేపలను కొంగలు, పిల్లలు, కుక్కలు పంచుకొని తినేశాయి. బస్తీ బావిలో కూడా చేద అడుగు తాకుతోంది. ఆఖరి రోజు దగ్గర పడుతుంటే బాపుకు అన్నం సహించలేదు. ఆ ఏడాది బస్తీలో పిల్లలకు జ్వరాలు కూడా ఎక్కువగానే ఉన్నాయి. పీర్లు చల్లబడకపోతే జనం ఎవరి ఇంటి ముందుకొచ్చి నిలబడతారో ఆయనకు తెలుసు.

"బిందె నీళ్లు పీర్ల కొట్టం కాన్నే వోద్దాం, ఏమైతది" అన్నారు కొందరు.

బాపు ఒప్పుకోలేదు. "చెరువు ఎండితే మాత్రం చెరువు గాకపోతదా? దాంట్లకే పోదాం" అన్నాడు.

ఆఖరి రోజు పొద్దున పారలు పట్టుకొని చెరువులోకి దిగారు. దిగింది మా వాళ్లే కాదు. చేపలు పట్టే ముదిరాజులు వచ్చారు, బట్టలుతికే చాకలివాళ్లు వచ్చారు, ఆయకట్టు రైతులు వచ్చారు. చెలిమె తీయాలి, అంటే నీళ్లు ఊరేదాకా గుంత తవ్వాలి. ఎక్కడ తవ్వాలన్నదే గొడవ. తూము దగ్గరని ఒకరు, వాగు కలిసే చోటని ఒకరు. ఎవరి మాటా ఎవరూ వినడం లేదు. అంతలో దాదీ కర్ర పట్టుకొని చెరువు మధ్యలోకి నడిచిపోయింది. అక్కడ ఒక బర్రె పండుకొని నెమరేస్తోంది.

"బర్రె గింత ఎండల వట్టిగనే పండుకుంటదా? దాని కింద సల్లగున్నది" అంది.

బర్రె లేవనంటే లేవదు. దాదీ దాని నడుము మీద కర్రతో నాలుగు పొడిచింది, తోక మెలిపెట్టింది, మాకు కూడా కొత్తగా అనిపించే తిట్లు తిట్టింది. చివరికి అది విసుక్కుంటూ లేచింది. కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంది. అక్కడ తవ్వారు. నడుంలోతు పోయాక అంచుల్లో తడి మెరిసింది. అందరూ పక్కకు తప్పుకొని కూర్చున్నారు. తొందరపడితే బురద కలుస్తుందని ఎవరూ గుంతలోకి దిగలేదు. నేను గుంత అంచున బోర్లా పడుకొని చూస్తున్నాను. నీళ్లు ఎంత మెల్లగా వస్తాయంటే, వస్తున్నట్టు కనిపించవు. చూపు తిప్పి మళ్లీ చూస్తే మాత్రం ఇంకొంచెం ఉంటాయి.

సాయంత్రం పీర్లు ఆ ఎండిన చెరువులోకి నడిచి వచ్చాయి. డప్పులు కొట్టేవాళ్ల కాళ్ల కింద దుమ్ము లేచి, పీర్లు దుమ్ములో తేలుతున్నట్టు కనిపించాయి. బాపు గుంతలో దిగి మోకాళ్ల మీద కూర్చొని పీర్ల వెండి చేతులను ఒక్కొక్కటిగా కడిగాడు. కడిగిన నీళ్లు మళ్లీ అదే గుంతలో పడి, అక్కడే ఇంకాయి. తర్వాత జనం ఒక్కొక్కరే వంగి ఆ తడిమట్టిని వేలితో తీసి నుదుట పెట్టుకున్నారు. పక్కింటి పెద్దమ్మ జ్వరంతో ఉన్న మనవరాలి ఒంటికి కొంచెం రాసింది. బాపు పైకి వచ్చి, ఒళ్లంతా బురదతో, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అట్లా ఆయన ఏడవడం నేను మళ్లీ చూడలేదు.

పెళ్లయి వెళ్లిపోయాక ఏటా పండుగకు మాత్రమే వచ్చేదాన్ని. రోజూ చూసేవాళ్లకు మార్పు తెలియదు, ఏడాదికి ఒకసారి చూసేవాళ్లకు తెలుస్తుంది. ఒక ఏడు వచ్చేసరికి అవతలి ఒడ్డున లారీలు మట్టి పోస్తున్నాయి. ఎవరో బడి కడుతున్నారన్నారు. మరో ఏడు అక్కడ బడి లేదు, హద్దురాళ్లు పాతి ఉన్నాయి. ఇంకొన్నేళ్లకు మేడలు లేచాయి. కట్ట కింది పొలాలు ప్లాట్లయ్యాయి. పొలాలు లేవు గనక తూము తెరిచే పని పోయింది. తూము తెరవరు గనక చెరువు ఎండడం మానేసింది. వాగు వచ్చే దారిలో కాలనీలు వెలిసి, వాటి మురుగు మోరీ నీళ్లన్నీ వాగులోకి తిరిగాయి. అప్పటి నుంచి మా చెరువు వేసవిలో కూడా నిండుగానే ఉంటోంది. ఎవరికీ అక్కరకు రాని నిండుదనం. పైన గుర్రపుడెక్క పచ్చగా పరుచుకొని ఉంటుంది, కొత్తవాళ్లు చూస్తే ఎంత బాగుందో అనుకుంటారు. బర్రెలు మాత్రం దిగవు.

తర్వాత కట్టను బాగు చేశారు. ఇనుప కటకటాలు, రంగు దీపాలు, నడిచే దారి, ఫొటోలు దిగడానికి పెద్ద పెద్ద అక్షరాలు. బెంచీలు కూడా వేశారు. అబద్ధమెందుకు, నేనూ కూర్చున్నాను. మోకాళ్ల నొప్పులకు బెంచీ బాగానే ఉంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే చాలు.

ఎవరినని తిట్టాలో తెలియదు. మా అన్న ఇంటి బాత్రూం నీళ్లు కూడా ఆ మోరీలోనే కలుస్తాయి. ఇక్కడ మా బిడ్డ ఇంటి నీళ్లు ఏ చెరువులోకి పోతాయో నేను ఎప్పుడూ అడగలేదు. బస్తీవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. కూర్చోబెట్టి చాయ కూడా ఇచ్చారట, చూద్దామన్నారట. వాళ్లేమీ చెడ్డవాళ్లు కాదని అన్నే చెప్పాడు. చెడ్డవాళ్లయితే కనీసం కోపం తెచ్చుకునేవాణ్ణి, అన్నాడు.

ఇంత జరిగినా అన్న ఏటా ఆ చెరువులోనే కడిగాడు. గుర్రపుడెక్కను కర్రతో పక్కకు నెట్టి, మొలలోతు దిగి కడిగేవాడు. వారం దాకా కాళ్లు గోక్కునేవాడు. దవాఖానకు పోతే మలాం రాసిచ్చి, ఆ నీళ్లలో దిగొద్దన్నారు. దిగొద్దని ఆయనకూ తెలుసు. పోయినేడు కూడా దిగాడు. ఆ నీళ్లే వెండికి పట్టి పీరు నల్లబడింది.

ఆఖరి రోజుకు ముందే నేను ఆటోలో వెళ్లాను. కొట్టంలో పీర్లు నిలబడి ఉన్నాయి. దట్టీలు, దండల మధ్య నల్లని చేయి. వేళ్ల కొసలు మాత్రం తోమగా తోమగా తెల్లబడ్డాయి. మొక్కడానికి వచ్చిన ఆడవాళ్లు దాన్ని చూసి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అన్న ఓ మూలన కూర్చొని ఎవరి మొహం వైపూ చూడడం లేదు. ఆయన ఇంత చిన్నగా అయిపోయాడని నేను అప్పటి దాకా గమనించలేదు.

నలుగురూ కూర్చొని మాట్లాడారు. ఖిలా వరంగల్ దిక్కు ఎక్కడైనా మంచి నీళ్లు చూద్దామని ఒకరన్నారు. అంత దూరం మోసేవాళ్లు ఎవరున్నారు? పక్క ఊరి చెరువు బాగుందట అన్నారు ఇంకొకరు.

"ఆళ్ల చెరువుల ఆళ్ల పీర్లు సల్లవడ్తయి" అన్నాడు అన్న. "మనం పోతె వద్దనరు. గని, కిరాయి ఇంట్ల సావు జేసినట్టుంటది."

అన్న కొడుకు ఆటో నడుపుతాడు. "బాపూ, మంచినీళ్ల ప్లాంటుకెళ్లి డ్రమ్ములల్ల నీళ్లు తెస్త. తాగే నీళ్లే. కొట్టం ముందల్నే కడుగుదాం. మల్ల నల్లవడదు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వన్న జెప్పు అత్తమ్మా. ఈసారి ఆ చెరువుల దిగితే ఈన కాళ్లు ఉండయి" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నేను మాత్రం ఏం చెప్పను? "పిలగాడు చెప్పింది మంచిగనే ఉన్నది అన్నా" అన్నాను. అన్న తలూపాడు. ఒప్పుకున్నట్టు లేదు, అలిసిపోయినట్టుంది.

ఆఖరి రోజు సాయంత్రం పీర్లు బస్తీ చుట్టూ తిరిగి, కట్ట దాకా పోయి, మెట్లు దిగకుండానే వెనక్కి వచ్చాయి. డప్పులవాళ్లకు ఆ మలుపు అలవాటు లేక దరువు తప్పింది. కొట్టం ముందు సిమెంటు రోడ్డు మీద మేనల్లుడు నీలం డ్రమ్ములు వరసగా పెట్టాడు. నీళ్లు నిజంగానే తేటగా ఉన్నాయి. అన్న పీట మీద కూర్చొని చేతిని విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. వాడు చెంబుతో పోస్తుంటే ఆయన నెమ్మదిగా, ఒక్కో వేలూ తుడుస్తూ కడిగాడు. అన్న మొహం కొంచెం తేలికపడింది. నాకూ ప్రాణం కుదుటపడ్డట్టయింది. మేమంతా ఆ వెండినే చూస్తున్నాం.

కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయో చూసింది అన్నే. రోడ్డు వాలుగా ఉంది. పీరు మీది నుంచి జారిన నీళ్లు ఆయన కాళ్ల సందుల్లోంచి సన్నగా పారి, కొట్టం పక్క మోరీలోకి దూకుతున్నాయి.

కింద పళ్లెం పెట్టాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. తరతరాలుగా చెరువులో కడిగినవాళ్లం. నీళ్లు తేవడం కొత్త గనక దాని గురించి అన్ని రకాలుగా ఆలోచించాం. కడిగిన నీళ్లను పట్టుకోవాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ అవసరం పడలేదు.

"ఆపురా, ఆపు" అంటూ అన్న పీరును నా చేతుల్లో పెట్టి, పీట మీది నుంచి కిందికి జారాడు. భుజం మీది తువ్వాల తీసి పారే నీళ్లకు అడ్డంగా పరిచాడు. నీళ్లు తువ్వాలను తడిపి పక్క నుంచి దారి చేసుకున్నాయి. ఆయన చేతులు అడ్డం పెట్టాడు. ఎవరో లోపలికి పరుగెత్తి తొట్టి తెచ్చేసరికి రోడ్డు మీద తడి మాత్రమే మిగిలింది. నుదుట పెట్టుకుందామంటే అక్కడ మట్టి కూడా లేదు, సిమెంటే.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలి గదా.

"ఊకో అన్నా. మోరీ నీళ్లు యాడికి పోతయి? మన చెరువులకే గదా" అన్నాను.

ఆయన తలెత్తి నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు.

"ఏ చెరువులకు చెల్లె?"

నేను చేతుల్లోని పీరును మేనల్లుడికి ఇచ్చాను. తర్వాత పీరును గుడ్డలో చుట్టడం, పెట్టెలో పెట్టడం అంతా వాడే చేశాడు. అన్న మాత్రం తడిసిన తువ్వాలను రెండు చేతుల్లో పట్టుకొని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాడు. పిండుదామంటే ఎక్కడ పిండాలో ఆయనకు తెలియలేదు.